నెట్ లేని బడిలో నెట్ పాఠాలు: పాత లాప్‌టాప్‌తో స్కూల్ సర్వర్ పెట్టుకోవడం ఎలా

రేపటి చదువు అనగానే అందరూ నెట్ స్పీడు దగ్గర మొదలుపెడతారు. తరగతి గది లెక్క వేరు. 40 మంది పిల్లలు ఒకేసారి వీడియో చూడాలంటే, తలకు అర ఎంబీపీఎస్ చొప్పున వేసుకున్నా 20 ఎంబీపీఎస్ ఆగకుండా రావాలి. అదీ సరిగ్గా ఆ పీరియడ్‌లోనే రావాలి. మండల కేంద్రంలో కూడా అలాంటి కనెక్షన్‌ను నమ్ముకుని పాఠం మొదలుపెట్టడం సాహసమే. అదే వీడియోను ఒక్కసారి దించుకుని బడిలోనే ఉంచుకుంటే ఈ ఏడాది పిల్లలూ చూస్తారు, వచ్చే ఏడాది పిల్లలూ చూస్తారు, నెట్ మళ్లీ అక్కర్లేదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో 8వ తరగతి పిల్లలకు పంచిన ట్యాబ్‌లలో కూడా పాఠాలు ముందే నింపి ఇచ్చారు. కారణం ఇదే.

అయితే ట్యాబ్‌లో నింపిన పాఠం ఆ ట్యాబ్‌కే పరిమితం. ఏ పిల్లవాడు ఏ లెక్క దగ్గర ఆగిపోయాడో టీచరుకు తెలియదు. పాఠాలన్నీ ఒకే యంత్రంలో (సర్వర్ అంటే ఇదే) ఉండి, పిల్లల జవాబులు కూడా అక్కడికే చేరితే అది తెలుస్తుంది. ఇంటర్నెట్ చదువుకు తెచ్చే అసలు మార్పు వీడియో కాదని, టీచరు చేతికి రోజూ అందే ఈ సమాచారమని మా అభిప్రాయం. ఈ ఏర్పాటు చేసుకోవడానికి పాత లాప్‌టాప్ ఒకటి, రౌటర్ ఒకటి, ఒక ఆదివారం చాలు.

వాడే సాఫ్ట్‌వేర్ పేరు కోలిబ్రి. లెర్నింగ్ ఈక్వాలిటీ అనే లాభాపేక్ష లేని సంస్థ తయారుచేసి ఉచితంగా ఇస్తోంది. వాళ్లే 2012లో ఖాన్ అకాడమీ పాఠాలను నెట్ లేకుండా చూపడానికి కేఏ లైట్ తెచ్చారు. 2017లో దాని స్థానంలో కోలిబ్రి వచ్చింది. మెనూలు తెలుగులో కూడా వస్తాయి.

ఏమేం కావాలి

లాప్‌టాప్: విండోస్ 10 లేదా 11, 4 జీబీ ర్యామ్ ఉంటే నడుస్తుంది, 8 ఉంటే హాయి. ప్రాసెసర్ పాతదైనా పట్టించుకోవద్దు, హార్డ్ డిస్క్‌ను మాత్రం పట్టించుకోండి. తిరిగే పాత డిస్క్ ఉంటే 20 మంది ఒకేసారి 20 వేర్వేరు వీడియోలు అడిగినప్పుడు అదే ఉక్కిరిబిక్కిరవుతుంది. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని డిస్క్, వేయించండి. విండోస్ పోగా మిగిలే చోటులో వేల సంఖ్యలో చిన్న పాఠాలు పడతాయి. ల్యాబ్‌లోని డెస్క్‌టాప్ కూడా పనికొస్తుంది, కానీ కరెంటు పోతే అది ఆ క్షణమే ఆగుతుంది. లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉండటమే దాని విలువ. సగం పాడైన బ్యాటరీ అయినా, మూత మూసి ఉంటే ఒక పీరియడ్ లాగుతుంది.

రౌటర్: రెండు బ్యాండ్‌లున్నది, అంటే 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఉన్నది కొనండి. సిమ్ వేసే రకం అక్కర్లేదు. ఇళ్లలో వాడే మామూలు రౌటర్ 20, 25 పరికరాల వరకు వీడియోతో సహా మోస్తుంది. 40 ట్యాబ్‌లు ఒకే గదిలో ఉంటే రెండోది తప్పదు.

మినీ యూపీఎస్: చాలా రౌటర్లు 12 వోల్టుల మీద నడుస్తాయి. అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసి దానికి తగ్గదే కొనండి. కరెంటు పోయినప్పుడు లాప్‌టాప్ నడుస్తూనే ఉండి రౌటర్ ఆగిపోతే లాభం లేదు. ఈ చిన్న డబ్బా లేకపోతే డిజిటల్ పాఠం మధ్యలో ఆగుతుంది.

ఇవి కాక 3 మీటర్ల క్యాట్ 6 కేబుల్, 500 జీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్, ఇద్దరు ఒకే ట్యాబ్‌లో వినేందుకు ఇయర్‌ఫోన్ స్ప్లిటర్లు. స్ప్లిటర్లు చిన్న విషయంలా కనిపిస్తాయి. అవి లేకుండా 20 ట్యాబ్‌లు స్పీకర్ మీద మోగితే పక్క తరగతి టీచరు ఆ రోజే వచ్చి ఆపిస్తారు.

పిల్లల వైపు ఏదైనా ఫరవాలేదు: ట్యాబ్‌లు, పాత ఫోన్లు, ల్యాబ్ కంప్యూటర్లు, గోడకున్న ఐఎఫ్‌పీ (తాకితే పనిచేసే పెద్ద డిజిటల్ తెర). క్రోమ్ లాంటి బ్రౌజర్ ఉంటే చాలు, యాప్ దించుకోనక్కర్లేదు.

లాప్‌టాప్ సిద్ధం చేయడం

ముందుగా అందులోని పాత ఫైళ్లన్నీ తీసేసి విండోస్‌ను కొత్తగా ఎక్కించండి. పాత ఆఫీసు లాప్‌టాప్‌ను ఉన్నదున్నట్టు వాడితే అందులోని మూడు యాంటీవైరస్‌లు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఒక్కటి ఉంచండి.

పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ను ఎప్పటికీ వద్దు అని పెట్టండి, బ్యాటరీ మీద ఉన్నప్పుడు, ప్లగ్‌లో ఉన్నప్పుడు, రెండు చోట్లా. మూత మూస్తే ఏమీ చేయవద్దు అని ఎంచుకోండి. ఇది మర్చిపోతే ఎవరో జాగ్రత్త కొద్దీ మూత మూస్తారు, తరగతి మొత్తానికి పేజీ తెరుచుకోదు. లాప్‌టాప్ ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంటుంది కాబట్టి, ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో బ్యాటరీ చార్జింగ్ పరిమితి ఉంటే 80 శాతానికి పెట్టండి. నిరంతరం నూటికి నూరు మీద, ఏప్రిల్ వేడిలో ఉంచితే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది.

తేదీ, సమయం సరిచూడండి. మూడు రోజులు స్విచ్ తీసి ఉంచి మళ్లీ చూడండి. తేదీ వెనక్కి పోయి ఉంటే లోపలి నాణెం ఆకారపు సెల్ అయిపోయినట్టు. ఎక్కువ వాటిలో సీఆర్ 2032 రకం ఉంటుంది, తెరిచి చూసి అదే రకం మార్పించండి. నెట్ ఉన్న యంత్రం తన గడియారాన్ని తానే దిద్దుకుంటుంది, దీనికి ఆ అవకాశం లేదు. తేదీ తప్పితే పిల్లల రిపోర్టులన్నీ తప్పు తేదీల మీద పడతాయి, తర్వాత దిద్దడం కుదరదు.

ఇప్పుడు నెట్ ఉన్న చోట కోలిబ్రి విండోస్ ఇన్‌స్టాలర్ దించి ఎక్కించండి. మొదటిసారి తెరిచినప్పుడు అడిగే ప్రశ్నల్లో రెండు ముఖ్యం. ఒక్కరి కోసమా, గుంపు కోసమా అంటే గుంపు కోసం అనండి. తర్వాత బడి ఏ రకం అంటే, ఖాతాలు టీచరే తెరిచే రకాన్ని ఎంచుకోండి. పిల్లలే ఖాతాలు తెరుచుకునే రకం ఎంచుకుంటే వారం తిరిగేసరికి ఒకే పిల్లవాడికి నాలుగు పేర్లు ఉంటాయి, సగం సినిమా హీరోలవి.

అడ్మిన్ పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి హెడ్‌మాస్టరు బీరువాలో పెట్టండి. టీచరు బదిలీ అయి వెళ్లాక పాస్‌వర్డ్ ఎవరికీ తెలియక మూలపడిన సర్వర్లు ఉంటాయి. చివరగా కోలిబ్రి షార్ట్‌కట్‌ను విండోస్ స్టార్టప్ ఫోల్డర్‌లో పెడితే లాప్‌టాప్ ఆన్ కాగానే అదీ మొదలవుతుంది.

రౌటర్ కలపడం

తప్పులన్నీ దాదాపు ఇక్కడే జరుగుతాయి కాబట్టి నెమ్మదిగా చేయండి.

1. లాప్‌టాప్‌ను రౌటర్‌కు కేబుల్‌తోనే కలపండి. వైఫైతో కలిపితే ప్రతి వీడియో గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది, లాప్‌టాప్ నుంచి రౌటర్‌కు ఒకసారి, అక్కడి నుంచి ట్యాబ్‌కు ఇంకోసారి. వైఫై సామర్థ్యం సగానికి సగం అక్కడే పోతుంది.

2. కేబుల్‌ను ల్యాన్ అని రాసిన రంధ్రాల్లో ఒకదానిలో పెట్టండి. వేరే రంగులో విడిగా ఉండే వ్యాన్ రంధ్రం బయటి నెట్ కోసం. అందులో పెడితే లైటు వెలుగుతుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది, ట్యాబ్‌లకు మాత్రం లాప్‌టాప్ కనిపించదు.

3. రౌటర్ పేజీ తెరవండి. కంపెనీని బట్టి అది 192.168.0.1 లేదా 192.168.1.1 దగ్గర ఉంటుంది. అడ్మిన్ పాస్‌వర్డ్, వైఫై పాస్‌వర్డ్ రెండూ మార్చండి.

4. అడ్రస్ రిజర్వేషన్ అనే చోట లాప్‌టాప్‌కు ఒక స్థిరమైన చిరునామా ఇవ్వండి, ఉదాహరణకు 192.168.0.50. ఇది చేయకపోతే రౌటర్ ఆపి వేసినప్పుడల్లా చిరునామా మారే అవకాశం ఉంది, నిన్న తెరుచుకున్న పేజీ ఇవాళ తెరుచుకోదు.

5. విండోస్‌లో ఆ నెట్‌వర్క్‌ను ప్రైవేట్ అని గుర్తించండి. పబ్లిక్ అని ఉంటే ఫైర్‌వాల్ ట్యాబ్‌లను గడప దగ్గరే ఆపేస్తుంది. కోలిబ్రి మొదటిసారి నడిచినప్పుడు ఫైర్‌వాల్ అనుమతి అడిగితే ఇవ్వండి.

6. కోలిబ్రిలో డివైస్ విభాగం, ఇన్ఫో పేజీలో సర్వర్ చిరునామా ఉంటుంది. చివరి అంకె సాధారణంగా 8080. అంటే ట్యాబ్ బ్రౌజర్‌లో 192.168.0.50:8080 అని కొట్టాలి. అక్కడ వేరే అంకె కనిపిస్తే అదే వాడండి.

ఈ చిరునామాను క్యూఆర్ కోడ్‌గా ప్రింట్ చేసి తరగతి గోడకు అంటించండి. 11 ఏళ్ల పిల్లలు 40 మంది చుక్కలు, కోలన్ తప్పుల్లేకుండా కొట్టేసరికి పావుగంట పోతుంది.

రెండో రౌటర్ పెడితే దాని చిరునామాను 192.168.0.2గా మార్చి, అందులో డీహెచ్‌సీపీ (పరికరాలకు చిరునామాలు పంచే ఏర్పాటు) ఆపేసి, ల్యాన్ నుంచి ల్యాన్‌కు కేబుల్ వేయండి. రెండింట్లోనూ డీహెచ్‌సీపీ నడిస్తే రెండూ చిరునామాలు పంచుతాయి, ఎవరి మాట వినాలో ట్యాబ్‌లకు తెలియదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాన్ని చానెల్ 1 మీద, ఇంకోదాన్ని 6 లేదా 11 మీద పెట్టండి. గెస్ట్ నెట్‌వర్క్ మాత్రం వాడవద్దు. అందులో చేరిన పరికరానికి లాప్‌టాప్ కనిపించదు.

ఒక చిక్కు ఆండ్రాయిడ్ వైపు నుంచి వస్తుంది. ఈ వైఫైకి నెట్ లేదని గ్రహించగానే ఫోను చప్పుడు చేయకుండా మొబైల్ డేటాకు మారిపోతుంది, పేజీ తెరుచుకోదు. పీరియడ్ మొదలయ్యేముందు మొబైల్ డేటా ఆపించండి. నెట్ లేదు, అయినా ఇదే వైఫైలో ఉండాలా అని అడిగితే ఉండమని నొక్కాలి. ఫిర్యాదులు ఎక్కువగా దీని వల్లే వస్తాయి, పేజీ రాలేదంటే ముందు ఇదే చూడండి.

పాఠాలు నింపడం

కోలిబ్రిలో పాఠాలు చానెళ్లుగా ఉంటాయి. డివైస్ విభాగంలో ఇంపోర్ట్ నొక్కి, నెట్ నుంచి అనో, డ్రైవ్ నుంచి అనో ఎంచుకోవాలి. నెట్ ఉన్న ఇంట్లో ఒక రాత్రి దించుకోవడం మేలు. మధ్యలో ఆగిపోతే మళ్లీ ఇంపోర్ట్ నొక్కండి, దిగినవి వదిలేసి మిగిలినవే తీసుకుంటుంది.

మొత్తం చానెల్‌ను ఎంచుకోవడం తొలి పొరపాటు. ఖాన్ అకాడమీ ఇంగ్లిష్ చానెల్ ఒక్కటే పదుల జీబీలు ఉంటుంది, అందులో అమెరికా తరగతుల క్రమమే ఉంటుంది. లోపలికి వెళ్లి మీ పాఠ్యపుస్తకంలోని అధ్యాయానికి సరిపోయే అంశాలనే టిక్ పెట్టండి. 7వ తరగతి గణితానికి ముందుగా భిన్నాలు, పూర్ణసంఖ్యలు, సామాన్య సమీకరణాలు తెచ్చుకుంటే మొదటి టర్ముకు చాలినంత పని దొరుకుతుంది. వీడియోల కంటే అభ్యాసాలు ముఖ్యం. రిపోర్టు వచ్చేది వాటి నుంచే.

తెలుగు పాఠాలు ఇంగ్లిష్ అంత విస్తారంగా లేవు, ఆ నిజాన్ని ముందే ఒప్పుకుని ప్రణాళిక వేయాలి. చానెళ్ల జాబితాలో భాషను బట్టి వడపోసుకునే వీలుంది, ముందు అది చూడండి. కథలకు ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ ఉంది. 2015లో మొదలైంది, తెలుగు కథలు స్థాయిల వారీగా దొరుకుతాయి, పంచుకోవడానికి అనుమతిచ్చే లైసెన్సుతో ఉంటాయి. విజ్ఞానశాస్త్రానికి కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ సిమ్యులేషన్లు. విద్యుత్ వలయం కట్టి చూడటం, భిన్నాలు పేర్చడం లాంటివి కొన్ని తెలుగులోకి అనువాదమై ఉన్నాయి, ఒక్కోదాన్ని ఒక ఫైలుగా దించుకోవచ్చు.

విజ్ఞాన సర్వస్వం కావాలంటే కివిక్స్ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. తెలుగు వికీపీడియా, విక్షనరీ మొత్తాన్ని ఒకే ఫైలుగా ఇస్తుంది. ఇంగ్లిష్ వికీపీడియా బొమ్మలతో సహా 100 జీబీకి పైనే, దాని జోలికి పోకండి, పిల్లల కోసం ఎంపిక చేసిన చిన్న కూర్పులు ఉంటాయి. కివిక్స్‌లో లోకల్ సర్వర్ మొదలుపెట్టే మీట ఉంటుంది. అది కూడా 8080 అంకెనే అడుగుతుంది, కోలిబ్రి అప్పటికే అక్కడ కూర్చుని ఉంటుంది. కివిక్స్ సెట్టింగ్స్‌లో 8081 అని మార్చండి.

పక్క బడికి కూడా ఇవ్వాలంటే కోలిబ్రి నుంచి డ్రైవ్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేయండి. డ్రైవ్‌లో కోలిబ్రి డేటా అనే ఫోల్డర్ తయారవుతుంది. దాన్ని ఇంకో ఫోల్డర్ లోపలికి తోయకండి, పైనే ఉండాలి, లేకపోతే అవతలి లాప్‌టాప్ దాన్ని గుర్తించదు. డ్రైవ్ ఫ్యాట్ 32 రకంలో ఉంటే చోటు ఎంత ఉన్నా 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చి వాడండి. స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఇలా ఒక డిస్క్ తిప్పితే పది బడులకు ఒక్కసారే నెట్ ఖర్చు.

మీ పాఠాలు మీరే పెట్టడం

తెలుగులో లేనిదాన్ని పూరించే దారి ఇదొక్కటే. కోలిబ్రి స్టూడియో అనే వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి సొంత చానెల్ కట్టుకోవచ్చు. వీడియో, ఆడియో, పీడీఎఫ్, ఈపబ్ (ఈ-పుస్తకం) ఎక్కించవచ్చు, ప్రశ్నలు అక్కడే రాయవచ్చు. పని పూర్తయ్యాక ప్రచురిస్తే ఒక టోకెన్ ఇస్తుంది. లాప్‌టాప్‌లో ఆ టోకెన్ కొట్టి దించుకోవాలి.

ఉచిత ఖాతాలో చోటు 500 ఎంబీ. అందుకని వీడియోలను కుదించాలి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎంపీ4, హెచ్ 264, 480పీ, ధ్వని మోనో అని పెట్టండి. సెకనుకు దాదాపు అర మెగాబిట్‌కు కుదిస్తే 6 నిమిషాల పాఠం 22, 23 ఎంబీలకు వస్తుంది, ఇలాంటివి 20 పైచిలుకు పడతాయి. హెచ్ 265 ఇంకా చిన్నగా చేస్తుంది కదా అని ఎంచుకోకండి. కొన్ని బ్రౌజర్లు, పాత ట్యాబ్‌లు దాన్ని ఆడించలేవు, మాట వినిపించి బొమ్మ నల్లగా ఉంటుంది.

బొమ్మ కొంచెం మసకగా ఉన్నా పిల్లలు సర్దుకుంటారు, మాట వినపడకపోతే సర్దుకోరు. ఫ్యాను ఆపి, ఇయర్‌ఫోన్ మైకు గడ్డానికి జానెడు దూరంలో ఉంచి రికార్డు చేయండి. ఒక వీడియోకు ఒక్క సంగతి: భిన్నాల కూడిక అనే అధ్యాయం మొత్తం కాకుండా, హారాలు వేరైనప్పుడు క.సా.గు. ఎందుకు తీస్తాం అన్నది ఒక్కటి.

నోట్సు విషయంలో మనకే ప్రత్యేకమైన ఒక బాధ ఉంది. పాత ప్రశ్నపత్రాలు చాలావరకు అను ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. పీడీఎఫ్ చేస్తే చూడటానికి బాగుంటుంది కానీ వెతికితే ఒక్క మాట దొరకదు, కాపీ చేసి ప్రశ్నగా అతికిస్తే అదీ పిచ్చి గుర్తులే. ఏ యంత్రంలోనైనా తెరుచుకునే యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, పొల్లులు చూసుకున్నాకే ఎక్కించండి. మార్పిడిలో అంకెలు, గణిత గుర్తులు తారుమారవుతాయి, వాటిని కన్నుతోనే చూడాలి.

ఫెట్ ఫైలు పెట్టాలంటే దాని పేరు ఇండెక్స్ అని మార్చి, జిప్ చేసి ఎక్కించాలి. పేరు మార్చకపోతే స్టూడియో తీసుకోదు.

యూట్యూబ్ వీడియోలను దించి పెట్టడం సులువే, చేయకండి. ఆ సైటు నిబంధనలు ఒప్పుకోవు. మంచి పాఠాలు చెప్పే తెలుగు టీచర్లు చాలామంది ఉన్నారు, రాసి అడిగితే అసలు ఫైలే పంపేవాళ్లు దొరుకుతారు.

పిల్లల ఖాతాలు

ఒక్కొక్కటిగా టైపు చేయకుండా జాబితాను సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన పట్టిక ఫైలుగా) ఎక్కించండి. ముందు కోలిబ్రి నుంచి ఖాళీ జాబితాను ఎక్స్‌పోర్ట్ చేసుకుని అదే వరుసలో నింపండి. యూజర్ నేమ్‌గా అడ్మిషన్ నంబరు వాడండి, పూర్తి పేరు తెలుగులో రాయండి. ఎక్సెల్‌లో సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 ఉన్న సీఎస్‌వీనే ఎంచుకోండి, మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలవుతాయి. ఎక్కించేటప్పుడు, జాబితాలో లేనివాళ్లను తొలగించాలా అనే గడి ఒకటి వస్తుంది. 7వ తరగతి జాబితా ఒక్కటే ఎక్కిస్తూ దాన్ని టిక్ పెడితే మిగతా తరగతులు పోతాయి.

పుట్టిన సంవత్సరం లాంటి గడులు ఖాళీగా వదిలేయండి, చదువుకు అవి అక్కర్లేదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. సమాచారం బడి దాటకుండా ఉండటం ఈ పద్ధతికున్న పెద్ద బలం. అయినా తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో ఏం నమోదవుతుందో చెప్పి సంతకం తీసుకోండి.

ప్రాథమిక తరగతులే ఉన్న బడిలో పాస్‌వర్డ్ లేకుండా ఉంచవచ్చు. 6 నుంచి పైవాళ్లున్న బడిలో తప్పనిసరి. లేకపోతే మార్కుల కోసం కాకపోయినా సరదాకైనా ఒకరి పేరుతో ఒకరు వెళతారు.

పీరియడ్ ఎలా నడపాలి

45 నిమిషాల పీరియడ్‌లో తెర ముందు 20 నిమిషాలకు మించవద్దు. ట్యాబ్‌లు పంచి లాగిన్ అవడానికి తొలివారం 10 నిమిషాలు పడుతుంది, నెల తిరిగేసరికి 3 నిమిషాలకు దిగుతుంది. వరుసకొక లీడర్‌ను పెట్టండి. అందరూ ఒకేసారి ప్లే నొక్కకుండా వరుసల వారీగా నొక్కిస్తే చిన్న రౌటర్ కూడా తట్టుకుంటుంది.

అధ్యాయం మొదలుపెట్టే ముందు రోజు 6 ప్రశ్నల క్విజ్ ఇవ్వండి. కోలిబ్రిలో టీచర్ల కోసం ఉండే కోచ్ విభాగంలో అభ్యాసాలు ఎంచుకుంటే క్విజ్ దానంతటదే తయారవుతుంది. క్విజ్ ముగించగానే ఎవరికి ఎన్ని వచ్చాయి అనేది మొదట కనిపిస్తుంది. దాని దగ్గర ఆగకండి. ఏ ప్రశ్నను ఎక్కువమంది తప్పు చేశారో చూపే పేజీ ఇంకోటి ఉంటుంది, విలువంతా అక్కడ ఉంది. 1/2 + 1/3 అంటే 2/5 అని రాసినవాళ్లకు కూడిక రాక కాదు, భిన్నాన్ని రెండు విడి అంకెలుగా చూస్తున్నారు. 5/6 బదులు 4/6 రాసినవాళ్లకు పద్ధతి తెలుసు, గుణకారంలో జారారు. మొదటివాళ్లకు ఫెట్‌లో భిన్నాలు పేర్చే పని, రెండోవాళ్లకు పది లెక్కల అభ్యాసం, సరిగ్గా చేసినవాళ్లకు పద సమస్యలు. కోచ్ విభాగంలో మూడు గుంపులు చేసి ఎవరి పాఠం వాళ్లకు పంపవచ్చు. అప్పుడు టీచరు మొదటి గుంపు దగ్గర కూర్చోవచ్చు. ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్ష పేపర్లు దిద్దాక తెలిసే సంగతి ఇక్కడ పాఠానికి ముందే తెలుస్తోంది.

రిపోర్టును గుడ్డిగా నమ్మడమూ ప్రమాదమే. ఇద్దరు ఒకే ట్యాబ్ మీద కూర్చుంటే లాగిన్ అయినవాడి పేరే నమోదవుతుంది, రెండోవాడు ఏమీ చేయనట్టు కనిపిస్తాడు. పాఠం ఇద్దరూ కలిసి చూడవచ్చు, క్విజ్ మాత్రం విడివిడిగా, రెండు విడతల్లో పెట్టండి. జవాబు సెకన్లలో వచ్చేస్తుంటే అది ఊహించి నొక్కడమో, పక్కవాడిని చూడడమో. అలాంటివాళ్లను బోర్డు దగ్గరికి పిలిచి ఒక లెక్క చేయించండి. ఆ ఒక్క నిమిషం చెప్పేది ఏ రిపోర్టూ చెప్పదు.

దీక్ష యాప్‌ను దీనికి పోటీగా చూడనక్కర్లేదు. 2017లో మొదలైన ఆ వేదికలో పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే నేరుగా ఆ పాఠానికే వెళుతుంది, ఇంట్లో ఫోనున్న పిల్లలకు అది చాలా మంచిది. తరగతి మొత్తం ఎక్కడుందో ఒక్క చూపులో తెలియడానికి ఈ సర్వర్.

ఏఐ సంగతి

పిల్లల ముందు ఏఐ చాట్ పెట్టాలా అని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. నెట్ లేకుండా నడిచే చిన్న మోడళ్లు 8 జీబీ లాప్‌టాప్‌లో కదులుతాయి కానీ వాటి తెలుగు పిల్లలకు చూపించేలా ఉండదు, లెక్కల్లో ధైర్యంగా తప్పులు చెబుతాయి. ఒకేసారి ఇద్దరు అడిగితే యంత్రం మొరాయిస్తుంది. ఇప్పటికి దాన్ని టీచరు బల్ల దగ్గరే ఉంచడం మంచిది. నెట్ ఉన్నచోట పెద్ద మోడల్‌తో ఒక ప్రశ్నకు పది రూపాలు రాయించుకుని, ప్రతి జవాబునూ చేత్తో చేసి చూసి, పదాలు మన పాఠ్యపుస్తకంలోవేనా అని సరిపోల్చి, అప్పుడు స్టూడియోలో ఎక్కించండి. లవం, హారం అని పిల్లలు చదువుకుంటుంటే అది న్యూమరేటర్, డినామినేటర్ అని తెలుగు లిపిలో రాసి ఇస్తుంది.

నిలబెట్టడం

లాప్‌టాప్, రౌటర్ రెండింటినీ గాలి ఆడే ఇనుప జాలీ పెట్టెలో పెట్టి తాళం వేయండి. బీరువాలో మూసిపెడితే వేడికి మందగిస్తుంది. కేబుల్‌ను ప్లాస్టిక్ కేసింగ్‌లో నడపండి, ఎలుకలు వదలవు. ఉరుములు మొదలైతే ప్లగ్ తీసేయడం అటెండరుకు అప్పగించండి. బయటి పెన్‌డ్రైవ్ ఏదీ ఆ లాప్‌టాప్‌కు పెట్టనివ్వకండి. నెట్ లేని యంత్రానికి వైరస్ వచ్చే ప్రధాన దారి అదే, యాంటీవైరస్ అప్‌డేట్‌లు కూడా అందవు కాబట్టి అది పట్టుకోలేదు.

నెలకోసారి కోలిబ్రిని పూర్తిగా మూసి, కోలిబ్రి డేటా ఫోల్డర్‌ను (సాధారణంగా విండోస్ యూజర్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే పేరుతో ఉంటుంది) ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేయండి. నడుస్తుండగా కాపీ చేస్తే డేటాబేస్ సగంలో చిక్కి, అవసరమైన రోజున తెరుచుకోదు. పాఠాలు పోతే మళ్లీ దించుకోవచ్చు, పిల్లల రిపోర్టులు పోతే రావు.

వేసవి సెలవుల్లో లాప్‌టాప్‌ను నెట్ ఉన్న చోటికి తీసుకెళ్లి విండోస్, కోలిబ్రి, చానెళ్లు అన్నీ ఒకేసారి అప్‌డేట్ చేయండి. టర్ము మధ్యలో కోలిబ్రిని మార్చకండి. అప్‌డేట్‌కు ముందు పైన చెప్పిన కాపీ తప్పనిసరి. జూన్‌లో కొత్త తరగతులకు సంవత్సరంతో సహా కొత్త పేర్లు పెట్టండి, 7ఏ 2026-27 అన్నట్టు. పాత తరగతి పేరు మార్చి అందులోనే కొత్త పిల్లలను చేరిస్తే నిరుటి పాఠాలు, క్విజ్‌లు ఈ ఏటి పిల్లల లెక్కల్లో కలిసిపోతాయి.

పెట్టె తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించండి: లాప్‌టాప్ చిరునామా, వైఫై పేరు, పాస్‌వర్డ్ ఉన్న బీరువా, చివరి బ్యాకప్ తేదీ, ఈ పని తెలిసిన ఇద్దరి పేర్లు. ఇద్దరిలో ఒకరు వచ్చే రెండేళ్లలో బదిలీ జాబితాలో లేనివాళ్లయి ఉండాలి.